బీరువా రంగు సైన్యం

జిల్లా చరిత్ర ప్రదర్శనశాలలోని సందర్శకుల పుస్తకం పదకొండేళ్లపాటు మూడే మాటలతో నిండింది. "బాగుంది." "చాలా బాగుంది." "ఫ్యాను తిరగడం లేదు." కాపలాదారు గవర్రాజు ఈ అభిప్రాయాలన్నిటినీ నెలకోసారి తెల్లకాగితం మీదికి ఎత్తిరాసి రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి పంపేవాడు. అక్కణ్ణుంచి ఏనాడూ జవాబు రాలేదు. ఫ్యానూ తిరగలేదు. అలాంటి పుస్తకంలో ఒక మంగళవారం ఎవరో సంతకం లేకుండా ఇలా రాశారు.

"రాజుగారి గుర్రం తెల్లగా ఉండేదనడానికి ఆధారమేమిటి?"

రాసింది వేదాచలం. గుర్రానికి తెల్లరంగు వేసిందీ వేదాచలమే.

ప్రదర్శనశాల నడిమి గదిలో పదకొండడుగుల బల్ల ఉంది. దాని మీద ముక్కంటిపురం యుద్ధం నడుస్తోంది. మూడో గండమల్లుడనే రాజు, అతని ఏనుగులు, గుర్రాలు, విల్లులవాళ్లు, డప్పులవాళ్లు, వంటవాళ్లు, మొత్తం పదకొండువందల నలభై బొమ్మలు, మనిషి బొమ్మ అంగుళంన్నర ఎత్తు. రెండేళ్లుగా వేదాచలం ఒక్కొక్క బొమ్మనీ సోడా మూత మీద జిగురుతో నిలబెట్టి, మూడు వెంట్రుకల కుంచెతో రంగు వేస్తున్నాడు. అంత చిన్న బొమ్మకి మామూలు తెలుపు వేస్తే సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. మడతల్లో కాస్త బూడిద నీలం, అంచుల మీద కాస్త మీగడ రంగు పడితేనే అది పంచె అవుతుంది. నీడ కూడా రంగుతోనే వెయ్యాలి. గదిలోని వెలుతురు మనిషికి సరిపోతుంది గాని అంగుళంన్నర మనిషికి చాలదు.

వేదాచలానికి యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. అతని బుర్రలో చిన్నప్పటినుంచీ ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. చెప్పులు కొన్నా, కిటికీ తెరిచినా, రెండోసారి కూర వడ్డించుకున్నా ఆ గుమాస్తా తలెత్తి "ఎవరిని అడిగి?" అంటాడు. అందుకని వేదాచలం ఏదీ తనంతట తాను నిర్ణయించుకోలేదు. చదువు మేనమామ నిర్ణయించాడు. కళ్లజోడు చట్రం షాపువాడు నిర్ణయించాడు. గుర్రం తెలుపు క్యాలెండర్లు నిర్ణయించాయి. ఏ క్యాలెండర్లో చూసినా రాజు తెల్లగుర్రం మీదే ఉంటాడు.

ఒక్కటి మాత్రం అలా జరగలేదు. నాలుగో ఏనుగు పక్కన నీళ్లతిత్తి భుజాన వేసుకుని ఒక మనిషి నడుస్తుంటాడు. ఒక మధ్యాహ్నం అతని తలపాగా దగ్గరికి వచ్చేసరికి వేదాచలం చెయ్యి ఎవరినీ అడక్కుండా ఎరుపులో ముంచుకుంది. కొత్త ఎరుపు కాదది. ఎండకి వెలిసి, చెమటకి మాసి, మడతల లోపల మాత్రం పాత రంగు దాచుకున్న ఎరుపు. వేసేశాక వేదాచలం కుంచె పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గుమాస్తా ఏమీ అనలేదు. జీవితంలో మొదటిసారి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం వేదాచలం ఇంటికి వెళ్తూ దారిలో కారణం లేకుండా జామకాయ కొనుక్కున్నాడు.

గుర్రం దగ్గర మాత్రం గుమాస్తా ఊరుకోలేదు. వారం రోజులు పీకాడు. అడగడానికి మనిషి లేక, వేదాచలం ఆ ప్రశ్నని సందర్శకుల పుస్తకంలో రాశాడు. దాని కింద ఎవరో ఒకరు "తెల్లగానే ఉండేదిలే" అని రాస్తే చాలనుకున్నాడు.

గవర్రాజు దాన్ని ఎత్తిరాసి పంపాడు. పన్నెండో రోజున జీపు వచ్చింది.

జీపులోంచి ముగ్గురు దిగారు. ముందు ఉపసంచాలకులు చిదంబరేశ్వరరావు. తరవాత సంస్కృతం చెప్పి రిటైరైన డాక్టర్ కాత్యాయని. ఆఖరున రోడ్లు, భవనాల ఇంజనీరు భుజంగరావు, చంకలో గోడరంగుల కార్డుతో. చిదంబరేశ్వరరావు సందర్శకుల పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

"పదకొండు సంవత్సరముల అనంతరం ఒక పౌరుడు ప్రశ్నించాడు! సదరు పౌరుడెవరో తెలియదు. తెలియవలసిన అవసరం కూడా లేదు. ప్రశ్న వచ్చినది కాబట్టి సంఘం ఏర్పడినది. దీని పేరు వర్ణ ప్రామాణ్య నిర్ధారణ సంఘం. ఏమయ్యా, చిత్రకారుడివి నువ్వేనా?"

"అవునండీ."

"గుర్రం తెలుపనడానికి ఆధారం?"

వేదాచలం నోరు తెరిచాడు. ఆ ప్రశ్న రాసింది నేనేనండీ అందామనుకున్నాడు. కాని నలభై ఏళ్లుగా బుర్రలో కూర్చున్న గుమాస్తా ఇప్పుడు ఖాకీరంగు జీపులో బయటినుంచి వచ్చి దిగినట్టనిపించి నోరు మూసుకున్నాడు.

"లేదండీ," అన్నాడు.

"రాసుకోండి," అన్నాడు చిదంబరేశ్వరరావు. నిబంధన అక్కడికక్కడే తయారైంది. 'లిఖితపూర్వకమై, తేదీ కలిగి, రాజముద్ర గాని ప్రభుత్వ ముద్ర గాని పొందిన పత్రము వలన రుజువు కాని ఏ రంగునూ ఏ బొమ్మకునూ ఉంచరాదు.' గుర్రం తెలుపు ఆ నిమిషం నుంచే రద్దయింది.

"మరి ఏ రంగు వెయ్యమంటారండీ?" అన్నాడు వేదాచలం.

"నిర్ణయం కాని రంగు."

"అదేం రంగండీ?"

ముగ్గురూ గది నాలుగు వైపులా చూశారు. గోడల్ని చూశారు, ఫ్యాను చూశారు. మూలనున్న ఇనప బీరువా దగ్గర భుజంగరావు చూపు ఆగింది.

"బీరువా రంగు సార్. మన ఆఫీసుల్లో ఇంతవరకు దాన్నెవరూ ప్రశ్నించలేదు."

"పోనీ రంగు తీసేసి వదిలెయ్యనా అండీ?"

"రంగు తీస్తే బొమ్మలు తెల్లగా ఉండవూ? తెలుపునకు ఆధారం లేదని ఇప్పుడే కదా తేల్చితిమి," అన్నాడు చిదంబరేశ్వరరావు జాలిగా.

గుర్రం బీరువా రంగుకి మారింది. మిగతా రెండువందల గుర్రాలకీ ఆధారాలు లేవు కాబట్టి అవీ మారాయి. ముక్కంటిపురంలో ఒక శాసనం ఉందిగాని, అందులో రాజు యుద్ధం గెలిచాక ఎన్ని వక్కలు, ఎన్ని తమలపాకులు పంచాడో ఉంది. ఎవరు ఏ రంగు కట్టుకున్నారో లేదు.

తరవాత మనుషుల ఒంటిరంగు దగ్గర పేచీ వచ్చింది. సైనికుల వారసులు ముక్కంటిపురంలో ఇప్పటికీ ఉన్నారు కాబట్టి వాళ్ల ఒంటిరంగుల సగటు తీసి, ముద్ర వేస్తే అదే ఆధారమవుతుందని భుజంగరావు సూచించాడు. సంఘం ఊళ్లోకి దిగింది. బజారు మధ్యలో కుర్చీలు వేశారు. వేదాచలం ఫారాలు పట్టుకున్నాడు. భుజంగరావు ఒక్కొక్కరి ముంజేతి పక్కన గోడరంగుల కార్డు పెట్టి చూస్తూ పలకసాగాడు. "లేత ఇటుక. బాదం. ముదురు ఇటుక. చందనం ఒకటి..."

"ఏటీ, మా ఇంటికి సున్నాలేస్తారా?" అంది సూరమ్మ అనే ముసలావిడ, చెయ్యి చాపుతూనే.

"లేదమ్మా, మీ పూర్వీకుల కోసం. ఇదిగో, ముదురు ఇటుక."

"ఎండలో నిలబెట్టి ఇటుకంటావేటయ్యా? నీడకొచ్చి చూడు." ఆవిడ అరుగెక్కి కూర్చుంది. "ఇప్పుడు చెప్పు."

భుజంగరావు కార్డు తిప్పాడు. "బాదం."

"చూసేవా? సాయంత్రం దీపం కాడ చూస్తే ఇంకోటుంటాది. మా ఆయన బతికున్నప్పుడు పసుపు కొమ్మనేవోడు."

"మూడు రంగులు రాయడానికి ఫారంలో చోటు లేదమ్మా."

"అయితే పెద్ద ఫారం తెచ్చుకో."

వేదాచలం సూరమ్మని అపురూపంగా చూశాడు. రంగు అనేది వస్తువులో సగం, దాని మీద పడే వెలుగులో సగం అని అతనికి తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది. ఆవిడ అరుగెక్కి చెప్పేసింది. సంఘానికి మాత్రం చిక్కొచ్చిపడింది. మూడువందల పన్నెండుమందికి పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి తేలాయి. సంఘం నాలుగురోజులు చర్చించి తీర్మానించింది. 'ముక్కంటిపురం వాస్తవ్యులకు నిర్ణీతమైన ఒంటిరంగు లేనట్లు గమనించడమైనది. అట్టివారిని తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు బీరువా రంగులో ఉంచవలెను.'

ఆ తరవాత యాళి వంతు.

బల్ల చివర, ఏటి ఒడ్డున, ఒక యాళి నిలబడి ఉంటుంది. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, మొసలి తోక. యుద్ధంలో రాజు ఓడిపోతుంటే అది ఏట్లోంచి లేచి శత్రువుల్ని తరిమిందని ఊళ్లో చెప్పుకుంటారు. చిదంబరేశ్వరరావు దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

"ఇది కల్పితం కదా. చరిత్రలో దీనికేం పని? తీసివేయుడు."

"తొందరపడకండి," అంది కాత్యాయని. ఆవిడ రెండు నెలలుగా మాట్లాడే అవకాశం కోసం చూస్తోంది. సంచీలోంచి ఒక కట్ట తీసింది. "ముక్కంటిపురం స్థలపురాణం. దేవాదాయశాఖ వారి నకలు. తేదీ ఉంది. గుండ్రటి ముద్ర ఉంది. వినండి." ఆవిడ కళ్లు మూసుకుని చదివింది. యాళి ఒళ్లు పండిన వెలగపండు గుజ్జు రంగు. జూలు నేరేడు. నాలుక మోదుగపువ్వు. గోళ్లు గురివింద గింజ కొసన ఉండే నలుపు. కోపం వస్తే తోక నెమలికంఠం రంగుకి తిరుగుతుంది.

"యుద్ధ సమయమున దానికి కోపం వచ్చి ఉండెనా?" అని భుజంగరావు అడిగాడు. ఈమధ్య అతనికీ ఆ భాష అంటుకుంది.

"యుద్ధంలో ఉన్నందున కోపముగా ఉన్నట్లే భావించడమైనది," అన్నాడు చిదంబరేశ్వరరావు. ముద్ర వేశాడు.

అలా బల్ల మీద రంగుండే హక్కు యాళి ఒక్కదానికే దక్కింది. ఆధారాలు ఉన్నది చరిత్ర, లేనిది కల్పితం కాబట్టి పేరుచీటీలు కూడా మార్చారు. యాళి ముందు 'చారిత్రకం' అని పెట్టారు. రాజు ముందు, సైన్యం ముందు 'కల్పితం' అని పెట్టారు. గవర్రాజు చీటీలు అతికించి దూరంగా జరిగి చూశాడు.

"మా తాతలు ఈ సైన్యంలో పనిచేశారని చెప్పుకునేవోళ్లమండి మేష్టారూ. ఇప్పుడు లేనట్టే కదండీ?"

"తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు లేనట్టే, గవర్రాజూ."

"ఆయ్. మరి నేనున్నానా అండీ?"

వేదాచలం కుంచె మళ్లీ డబ్బాలో ముంచాడు. అతను రోజుకి ముప్పై బొమ్మల చొప్పున మనుషుల్ని బీరువాలుగా మారుస్తున్నాడు. పంచెలు, కళ్లు, మీసాలు, వంటవాడి గరిటెకి అంటిన పప్పు, రెండేళ్లు కష్టపడి వేసినవన్నీ ఒక్కొక్క పూతతో పోతున్నాయి. నీళ్లవాణ్ణి మాత్రం ఆఖరికి ఉంచాడు. నాలుగో ఏనుగు కడుపు కిందకి జరిపాడు. రోజూ పొద్దున్నే వచ్చి వంగి, ఏనుగు కాళ్ల మధ్యలోంచి ఆ ఎర్ర తలపాగా ఉందో లేదో చూసుకునేవాడు. ఉంటే ఆ రోజుకి ఊపిరాడేది.

ఒక సోమవారం భుజంగరావు భూతద్దం తెచ్చాడు. బీరువా రంగు రాజుని పైనుంచి కిందికి పరీక్షించాడు. గడ్డం కింద, చంక కింద, అలవాటు కొద్దీ వేదాచలం కాస్త ముదురు బూడిద వేసి ఉన్నాడు.

"ఈ నీడ ఎవరు వేశారు?"

"నేనేనండీ."

"సూర్యుడు చెయ్యవలసిన పని మీరెందుకు చేశారు?"

సంఘం మళ్లీ కూర్చుంది. నీడలన్నీ కుడివైపుకి ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఎడమవైపున ఉన్నట్టు సైన్యం అంతా సాక్ష్యం చెబుతోంది. యుద్ధం రెండో జామున మొదలైందని శాసనంలో ఉంది. పొద్దుటి సూర్యుడు తూర్పున ఉండాలి. ఈ గదిలో బల్ల ఎడమవైపు ఉన్నది పడమర.

"నీడలన్నీ మళ్లీ వెయ్యాలండీ," అన్నాడు వేదాచలం నీరసంగా.

"అవసరం లేదు. యుద్ధాన్ని తిప్పండి," అన్నాడు చిదంబరేశ్వరరావు.

పదిమంది కలిసి బల్లని తిప్పారు. సూర్యుడు తూర్పుకి వచ్చాడు. రాజుగారు గోడకేసి చూడసాగారు. గుమ్మంలోంచి వచ్చేవాళ్లకి ముందుగా కనిపించేవి వరసగా పదహారు ఏనుగుల వెనకభాగాలు. దసరాకి ముందు మంత్రిగారి చేతుల మీదుగా ఈ యుద్ధపు బల్లకి ప్రారంభోత్సవం ఉంది. ఆలోగా ఆధారం లేని రంగు ఒక్క చుక్క కూడా మిగలకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఏనుగుల వెనకభాగాలు గుమ్మంవైపు తిరిగాక వాటి కడుపు కింద దాక్కోవడం కష్టం. వేదాచలం నీళ్లవాణ్ణి ఇంకాస్త లోపలికి నెట్టాడు.

సరిగ్గా అప్పుడే డప్పువాడి కాగితం వచ్చింది. దక్షిణం అంచున ఒక డప్పువాడికి పూత వెయ్యడం వేదాచలం మరిచిపోయాడు. భుజంగరావు భూతద్దానికి వాడు దొరికిపోయాడు. గవర్రాజు ఆ కాగితాన్ని బల్ల పక్కన నిలబడి కూడబలుక్కుని పైకి చదివాడు.

"'విషయం: డప్పువాడి పంచె – పసుపు రంగు – అభ్యంతరం. ముక్కంటిపురం యుద్ధమునందలి దక్షిణ పార్శ్వపు డప్పువాడి పంచె పసుపు రంగులో ఉన్నదని సంఘం ప్రత్యక్షంగా గమనించడమైనది. తగు చర్య నిమిత్తం.' సంతకం, తేదీ, ముద్ర. అన్నీ ఉన్నాయండి." చదవడం ఆపి గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "అదేటండి మేష్టారూ, పసుపని గవర్నమెంటోరే రాసేశారు కదండీ. ఇంకా ఆధారం లేదంటారేటి?"

వేదాచలం ఆ కాగితాన్ని తీసుకుని మూడుసార్లు చదివాడు. లిఖితపూర్వకం. తేదీ. ముద్ర. అతని వీపులోంచి ఏదో సన్నగా, చల్లగా పాకి మెడ దాకా వచ్చింది. అది భయం అనుకున్నాడు ముందు. కాసేపటికి అది నవ్వని తెలిసింది.

గుమాస్తా వెంటనే లేచాడు. "ఎవరిని అడిగి?" అన్నాడు. మామూలుగా అయితే వేదాచలం అక్కడే ఆగిపోయేవాడు. కాని వంగి చూస్తే ఏనుగు కాళ్ల మధ్య ఎర్ర చుక్క కనిపించింది. ఈ కాగితాన్నే పసుపుకి ఆధారంగా చూపిస్తూ అర్జీ రాశాడు.

"ఇది అభ్యంతర పత్రమయ్యా! ఆధార పత్రము కాదు!" అన్నాడు చిదంబరేశ్వరరావు.

"లిఖితపూర్వకమేనా?" అంది కాత్యాయని, కళ్లజోడు సవరించుకుంటూ. "అవును. తేదీ ఉంది. ముద్రా ఉంది, గుండ్రంగా. ఎందుకు రాశారో మన నిబంధన అడగలేదండీ. ఏం రాశారో అడిగింది."

"పత్రమును వెనక్కి తీసుకొనినచో?"

"అప్పుడు సంఘం ప్రత్యక్షంగా గమనించింది అబద్ధమవుతుంది కదండీ. సంఘమే చెప్పాలి ఆ మాట."

చిదంబరేశ్వరరావు చాలాసేపు ఆ ముద్ర వైపు చూశాడు. తన ముద్రే. తనకే ఎదురు నిలబడింది. "డప్పువాడి పసుపు మంజూరు చేయడమైనది," అన్నాడు.

మర్నాటినుంచి వేదాచలం పని తిరగబడింది. రంగు వేస్తే సంఘం అభ్యంతరం చెప్పాలి. అభ్యంతరం రాస్తే రంగు పేరు రాయాలి. రాస్తే ఆ రంగు ఖాయం. అతను కుంచెలన్నీ కడుక్కున్నాడు. పొద్దున్నే ముప్పైమందికి ప్రాణం పోసి బల్ల మీద పెట్టేవాడు. పదిగంటలకి సంఘం వచ్చి ముప్పైమందినీ ఆక్షేపించేది. సాయంత్రానికి ముప్పై ముద్రలు పడేవి. మర్నాడు మరో ముప్పైమంది.

మొదట్లో అభ్యంతరాలు మోటుగా ఉండేవి. 'ఎరుపు – అభ్యంతరం.' 'తెలుపు – అభ్యంతరం.' వేదాచలం అర్జీ పెట్టుకున్నాడు. ఎరుపంటే ఏ ఎరుపో రాయకపోతే రేపు ఇంకో ఎరుపని ఎవరైనా దావా వేస్తారని విన్నవించుకున్నాడు. సంఘానికి అది సబబుగా తోచింది. దాంతో భుజంగరావు గోడరంగుల కార్డు చాలలేదు. కళ్లు పెట్టి చూడాల్సొచ్చింది.

"ఇది తెలుపు కాదు సార్," అన్నాడు ఒకరోజు భూతద్దంలోంచి తల ఎత్తకుండా. "గంజిపెట్టి ఉతికి, నాలుగురోజులు కట్టిన తెలుపు. మోకాళ్ల దగ్గర మన్ను."

"ఈ విలుకాడి అంగవస్త్రం?"

"చిలకాకుపచ్చ సార్. భుజం మీద మాత్రం వెలిసిపోయింది. విల్లు రాసుకునే చోట."

"అట్టి చోట వెలియకుండా ఎట్లుండును?" అన్నాడు చిదంబరేశ్వరరావు. అని, తను ఏమన్నాడో తనే ఒకసారి ఆలోచించుకుని, "అభ్యంతరం," అని చేర్చాడు.

అయిదువందలు దాటేసరికి ముగ్గురూ బల్ల చుట్టూ వంగి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. వంటవాడి గరిటెకి అంటింది కందిపప్పా పెసరపప్పా అని ఒక పూటంతా వాదించారు. కాత్యాయని ఇంటినుంచి రెండూ వండి తెచ్చింది. అందరూ తిన్నారు. 'కందిపప్పు – అభ్యంతరం' అని రాశారు. సూరమ్మ చెప్పిన మాట వేదాచలం అర్జీలో పెట్టాడు. అందుకని ఎండలో నడిచే సైనికుల ఒంటిరంగుకి ఒక అభ్యంతరం, ఏనుగు నీడలో నడిచేవాళ్లకి వేరే అభ్యంతరం వచ్చాయి. ముద్ర సిరా రెండుసార్లు ఎండిపోయింది. రాజుగారి గుర్రానికి ఈసారి వేదాచలం తెలుపు వెయ్యలేదు. తనకి మొదటినుంచీ అనిపిస్తున్న రంగు వేశాడు. నాటుగుర్రపు మట్టిరంగు, కాళ్లకి ఏటి బురద. 'మట్టిరంగు – ఏటి బురద – తీవ్ర అభ్యంతరం.' గుమాస్తా వారంపాటు పీకిన ప్రశ్నకి అలా ప్రభుత్వ జవాబు వచ్చింది.

ప్రారంభోత్సవం ఇంకా రెండు రోజులుందనగా పదకొండువందల ముప్పై తొమ్మిది పూర్తయ్యాయి. వేదాచలం నీళ్లవాణ్ణి ఏనుగు కడుపు కిందినుంచి బయటికి తీసి ఎండ పడేచోట నిలబెట్టాడు.

చిదంబరేశ్వరరావు వంగాడు. భుజంగరావు భూతద్దం పెట్టాడు. కాత్యాయని కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఇందులో అభ్యంతరం ఏముంది?" అన్నాడు చిదంబరేశ్వరరావు చివరికి. అతని గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "ఇంకెలా ఉంటాడు మరి?"

"మడతల్లో ఎరుపు చూశారా సార్? అది అక్కడే ఉండాలి," అన్నాడు భుజంగరావు.

"పాపం, ఎంత దూరం మోసుకొచ్చాడో," అంది కాత్యాయని.

వేదాచలం రెండేళ్లలో విన్న మొదటి మెచ్చుకోలు అది. కాని అతనికి కాగితం గుర్తొచ్చింది. అభ్యంతరం లేదంటే కాగితం లేదు. కాగితం లేకపోతే రేపు సాయంత్రానికి ఆ తలపాగా బీరువా రంగు.

"ఏదైనా ఒక చిన్న అభ్యంతరం రాయండి సార్," అని బతిమాలాడు.

"లేని అభ్యంతరం ఎట్లు రాసెదమయ్యా? సంఘం గౌరవం ఏమి కావలెను?"

"మరి తలపాగాకి ఆధారం?"

చిదంబరేశ్వరరావు మొహం మెల్లిగా మారింది. నిబంధన అతనికి ఇప్పుడే గుర్తొచ్చింది. "ఆధారం లేదు," అన్నాడు బాధగా. "విచారించవలసిన విషయం. రేపు పూత వేయవలెను." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మరోసారి ఆ తలపాగా వంక చూసి వెళ్లాడు.

గదిలో వేదాచలం ఒక్కడే మిగిలాడు. సంఘానికి ప్రశ్న రావాలి. ప్రశ్న పౌరుడినుంచి రావాలి, వస్తే ఎరుపు పేరు కాగితం మీదికి ఎక్కక తప్పదు. మధ్యాహ్నం నాలుగింటి దాకా ఒక్క పౌరుడూ రాలేదు. గుమ్మం పక్కన బల్ల మీద సందర్శకుల పుస్తకం తెరిచి ఉంది. వేదాచలం దాని ముందు నిలబడ్డాడు. పదకొండువందల నలభైమందిలో తనకి సందేహం లేనిది ఒక్కడి మీదే. వాడి మీదే ఇప్పుడు సందేహం రాయాలి. గుమాస్తా కోసం కాసేపు ఎదురుచూశాడు. లోపల ఎవరూ పలకలేదు. కలం తీశాడు.

"నీళ్లవాడి తలపాగా ఎర్రగా ఉండేదనడానికి ఆధారమేమిటి?" అని రాశాడు. ఈసారి కింద సంతకం పెట్టాడు. కె. వేదాచలం.

మర్నాడు పొద్దున సంఘం పుస్తకం ముందు కూర్చుంది. చిదంబరేశ్వరరావు కొత్త ప్రశ్న చదివాడు. సంతకం చదివాడు. వెనక్కి తిప్పి పాత ప్రశ్న చదివాడు. మళ్లీ ముందుకి తిప్పాడు. రెండుచోట్లా ఒకే వంకర 'ధ', ఒకే కొక్కెం 'మి'.

"గుర్రం గురించి రాసిందీ నేనేనండీ," అన్నాడు వేదాచలం.

చిదంబరేశ్వరరావు పుస్తకం మూసి లెక్క వేసుకున్నాడు. మొదటి ప్రశ్న పౌరుడిది కాకపోతే సంఘం లేదు. సంఘం లేకపోతే ముద్రలు లేవు. పదకొండువందల ముప్పై తొమ్మిదిమంది ఒక్క దెబ్బకి బీరువాలవుతారు. రేపు మంత్రిగారు వస్తున్నారు.

"చిత్రకారుడు పౌరుడు కాడని ఎక్కడైనా ఉన్నదా?" అన్నాడు గొంతు సవరించుకుని.

"నేను చూసినంతలో లేదు," అంది కాత్యాయని.

"ప్రశ్నించినవాడే జవాబు చెప్పరాదని?"

"అదీ లేదండీ."

"మంచిది." అతను నిటారుగా కూర్చున్నాడు. "పౌరుడా! తలపాగా ఎరుపని సంఘం ప్రత్యక్షంగా గమనించినది. అట్టి ఎరుపునకు ఆధారమేమిటో చెప్పుము."

వేదాచలం నీళ్లవాడి వైపు చూశాడు. క్యాలెండర్లు గుర్తొచ్చాయి, మేనమామ గుర్తొచ్చాడు, కళ్లజోడు షాపువాడు గుర్తొచ్చాడు. వాళ్లెవరూ ఆ మధ్యాహ్నం గదిలో లేరు.

"నాకు నచ్చిందండీ."

భుజంగరావు కలం ఆగింది. చిదంబరేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు.

"రాయండి. 'ఆధారం: చిత్రకారుడికి నచ్చినట్లు అతడు స్వయముగా, ప్రశ్నించిన పౌరుడి సమక్షమున తెలియజేసినాడు.' తేదీ వేయండి."

ముద్ర పడింది. కాస్త గట్టిగా పడిందేమో, బల్ల మీద ఏనుగులన్నీ ఒకసారి కదిలాయి.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు పదహారు ఏనుగుల వెనకభాగాలకి దండం పెట్టి, యాళి ముందు ఫోటో దిగి వెళ్లిపోయారు. జనం మాత్రం సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. తలుపులు వేసే ముందు గవర్రాజు నెల నివేదిక కోసం పుస్తకం తెరిచి, ఆ రోజు మొదటి వాక్యం వేదాచలానికి చదివి వినిపించాడు. సూరమ్మ చెప్పగా ఎవరో రాసి పెట్టారట.

"నీళ్లోడు బాగున్నాడు. ఫ్యాను తిరగడం లేదు."